అద్దె కోటు నుంచి సీరియల్ చీర దాకా

దాదాపు ముప్పై ఏళ్లుగా నాటకాలకూ టీవీ సీరియళ్లకూ దుస్తులు తయారు చేస్తున్నాను. ఈ పని గురించి ఏమైనా అడగండి అని కిందటి నెల ఇదే శీర్షికలో రాశాను. చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ ఈసారే జవాబు చెప్పలేను కాబట్టి ముందు ఈ కొన్ని తీసుకున్నాను. మిగిలినవాళ్లు ఇంకో నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, నాకు టైలరింగ్ వచ్చు. ఊళ్లో జాకెట్లు కుట్టి నా కాలేజీ ఫీజు నేనే కట్టుకుంటున్నాను. అమ్మ బీడీలు చుడుతుంది. సీరియళ్లకు కాస్ట్యూమ్ డిజైనర్ కావాలని నా కోరిక. ఇంట్లో చెబితే "అంత చదివి మళ్లీ దర్జీ పనేనా" అంటున్నారు. ఫ్యాషన్ డిజైనింగ్ చదివితే సరిపోతుందా? రెండిటికీ తేడా ఏమిటి? మీరు ఈ పనిలోకి ఎలా వచ్చారు?
– డిగ్రీ విద్యార్థిని, జగిత్యాల దగ్గరి పల్లె

జవాబు: తల్లీ, ముందు మీ ఇంట్లోవాళ్ల మాట సంగతి చూద్దాం. కత్తెర పట్టడం రాని డిజైనర్‌ని సెట్‌లో ఎవరూ నమ్మరు. నేను ఇప్పటికీ కటింగ్ మాస్టర్ పక్కన కూర్చునే పని చేస్తాను. బొమ్మ గీసి ఇచ్చేసి వెళ్లిపోతే, ఆ చంక దగ్గర గుడ్డ ఎందుకు లాగుతోందో నాకెలా తెలుస్తుంది? నీకు వచ్చిన కుట్టుపనిని తక్కువ చేసి ఎక్కడా మాట్లాడకు. నీ చేతిలో ఉన్న మొదటి అర్హత అదే.

మాది తెనాలి. నాన్నకు డ్రామా డ్రెస్సుల షాపు ఉండేది. డ్రెస్ కంపెనీ అనేవాళ్లు. రాజుల కోట్లు, భుజకీర్తులు, కిరీటాలు, విగ్గులు, గదలు, విల్లంబులు ట్రంకు పెట్టెల్లో సర్ది ఊళ్లకు అద్దెకు పంపేవాళ్లం. శివరాత్రి నుంచి శ్రీరామనవమి దాటే వరకూ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. పెట్టెలు తిరిగి వచ్చాక ఊడిన చమ్కీలు కుట్టడం, కోట్లు తిరగేసి ఎండలో వేయడం నా పని. పదేళ్ల వయసులో మొదలుపెట్టాను. 1987లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చింది. ఆ ఏడాది నుంచి ఊళ్లవాళ్లు "టీవీలో రాముడికి ఉన్నట్టు కావాలి" అని అడగడం మొదలైంది. నాన్న అలాంటివి కుట్టించలేక అవస్థ పడుతుంటే, ఆదివారం పొద్దున్నే పక్కింట్లో టీవీ ముందు కూర్చుని నోటు పుస్తకంలో ఆ దుస్తులు గీసుకొచ్చేదాన్ని. నా మొదటి డిజైన్ పుస్తకం అదే.

1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక హైదరాబాదులో సీరియళ్ల పని పెరిగింది. 1997లో ఒక కాస్ట్యూమర్ దగ్గర అసిస్టెంటుగా చేరాను. రోజుకు 150 రూపాయలు. ఇస్త్రీ చేయడం, పిన్నులు పెట్టడం, ఆర్టిస్టుకి చీర కట్టడం, సాయంత్రం లెక్క చూసి బట్టలు బీరువాలో పెట్టడం. రెండేళ్లు అంతే చేశాను.

ఇక తేడా. ఫ్యాషన్ డిజైనర్ తయారు చేసిన చీర కట్టుకున్నవాళ్లు అందంగా కనబడాలి. మనం ఇచ్చిన చీర కట్టుకున్న మనిషి ఎవరో, ఎలా బతుకుతోందో చూసేవాళ్లకు తెలియాలి. నీ ఉత్తరంలో బీడీల మాట చదివాక నీకు ఒక చీర గురించి చెప్పాలనిపించింది.

కొన్నేళ్ల కిందట ఒక సీరియల్‌లో కథానాయిక తల్లి పాత్ర బీడీ కార్మికురాలు. కొత్త నేత చీర కొని, దాన్ని ఏడెనిమిదేళ్లు కట్టిన చీరలా చేయాలి. నేను ముందు టీ డికాక్షన్‌లో ముంచి, సోడాలో ఉతికి, ఎండేసి తెచ్చాను. చీర మొత్తం ఒకేలా మాసింది. ఎక్కడో తేడా కొడుతోంది. చూస్తే పాత చీరలా లేదు, సరిగా ఉతకని చీరలా ఉంది. అప్పుడు మీ వైపే ఒక ఊరికి వెళ్లి, బీడీలు చుట్టే ఒకావిడ పక్కన రెండు రోజులు కూర్చున్నాను. కాళ్లు చాపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కడుతూ పొద్దంతా కూర్చుంది. లేచి నిలబడితే ఆవిడ చీర మొత్తం కథ చెప్పింది. ఒళ్లో చాట ఆనే చోట గుడ్డ పలచబడి, పొగాకు పొడితో గోధుమ రంగుకి తిరిగింది. కుడి తొడ మీద చేయి తుడుచుకునే చోట ఇంకో మచ్చ. నడుం దగ్గర కొంగు దోపుకునే చోట నాలుగు వేళ్ల మేర పోగులు లేచిపోయాయి. గుమ్మంలో వెలుతురుకి తిరిగి కూర్చుంటుంది కాబట్టి ఎడమ భుజం మీద రంగు వెలిసింది, కుడి భుజం మీద ఇంకా ఉంది. కుచ్చిళ్ల లోపలి మడతల్లో మాత్రం కొన్న రోజు రంగు అలాగే ఉంది.

తిరిగి వచ్చి ఇంకో చీర తీసుకున్నాను. ఒళ్లో చోటు గరుకు కాగితంతో రుద్దాం. పొగాకు నానబెట్టిన నీళ్లు స్పాంజితో అద్దాం. ఎడమ భుజం భాగం ఒక్కటే వారం రోజులు ఎండకు పరిచాం. అంచు చిరిగిన చోట అదే రంగు దారం దొరికినా వాడలేదు, కొంచెం తేడా ఉన్న దారంతో కుట్టాం. ఇంట్లో ఏ దారం ఉంటే దానితోనే కదా కుట్టుకుంటారు. అంత కష్టం ఎందుకు, టీవీలో ఎవరికి కనిపిస్తుంది అన్నారు సెట్‌లో. ఆ చీర కట్టుకుని ఆర్టిస్టు కింద కూర్చోగానే ఎవరూ చెప్పకుండానే కాళ్లు చాపి, చేయి కుడి తొడ మీద తుడుచుకుంది. అక్కడి మచ్చే ఆవిడకు ఆ పని చెప్పింది. ప్రేక్షకులకు మచ్చ కనిపించిందో లేదో గానీ ఆ చేయి మాత్రం కనిపించింది.

ఈ రాత్రి అమ్మ పని ముగించి లేచాక ఆవిడ చీర చూడు. ఎక్కడ అరిగింది, ఎక్కడ వెలిసింది, ఎక్కడ కొత్తగా ఉంది, ఒక కాగితం మీద గీసి రాసుకో. తర్వాత మీ ఊరి మేస్త్రీ చొక్కా, స్కూలు టీచరు చీర, కిరాణా కొట్టాయన లుంగీ. ఇలాంటివి యాభై గీశాక నాకు పంపించు, తప్పకుండా చూస్తాను.

చదువు విషయానికొస్తే, ఫ్యాషన్ కోర్సు చేస్తే నష్టం లేదు. హైదరాబాదులో నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) ఉంది. గుడ్డ రకాలు, కటింగ్, రంగులు పద్ధతిగా వస్తాయి. కానీ పాత్రని చదవడం నేర్పేది నాటక శాఖలు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో, సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయంలో (ఇదివరకటి పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం), విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ శాఖలున్నాయి. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు. అక్కడ నటనే కాదు, డిజైన్, డైరెక్షన్ వైపు కూడా వెళ్లొచ్చు. డిగ్రీ పూర్తి చేసి అప్లై చెయ్యి. ఈలోగా మీ కాలేజీ వార్షికోత్సవంలో ఎవరు నాటకం వేసినా బట్టల బాధ్యత నువ్వు తీసుకో.

ప్రశ్న: అమ్మా, మా ఊళ్లో ఏటా తిరునాళ్లకు కృష్ణరాయబారం ఆడతాం. నేను కృష్ణుడి పాత్ర వేస్తాను. పడక సీనులో దిండు మీద తల పెట్టగానే కిరీటం ముందుకు జరిగి కళ్ల మీదికి వస్తోంది. పద్యం పాడుతూ చేత్తో సర్దుకోవాల్సి వస్తోంది. ఏం చేయాలి?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా

జవాబు: మాస్టారూ, ఈ బాధ మా షాపులో చాలామంది కృష్ణుళ్లు చెప్పుకున్నదే. మొదటి సంగతి, కిరీటం కొలత ఉత్త తలకు తీసుకుని ఉంటారు. విగ్గు పెట్టుకున్నాక తీయాలి. రెండోది, విగ్గు కిందే ఒక మెత్తటి నూలు గుడ్డ పట్టీని నుదురు చుట్టూ గట్టిగా కట్టండి. చెమట పీలుస్తుంది, విగ్గు జారదు. కిరీటానికి వెనక మాత్రమే రిబ్బను ఉంటే సరిపోదు. రెండు చెవుల వెనక కూడా ఒక్కో లూప్ కుట్టించి, మూడు వైపుల నుంచి జుట్టు కిందికి కట్టుకోండి. లోపల నుదురు దగ్గర ఫోమ్ ముక్క అతికించండి. రాగం తీసేటప్పుడు తల పైకెత్తుతారు కదా, అప్పుడు బరువంతా వెనక్కి పోతుంది. అందుకే కట్టి చూసుకునేటప్పుడు అద్దం ముందు ఊరికే నిలబడకుండా ఒక పద్యం పూర్తిగా పాడి చూడండి.

పడక సీనుకైతే నా సలహా వేరు. మంచం మీద నిద్రపోతున్నవాడికి అంత పెద్ద కిరీటం దేనికి? సిగ చుట్టి, ముత్యాల పేట కట్టి, పింఛం పెట్టుకోండి. రాయబారం సీనుకి కిరీటం పెట్టుకుని సభలోకి వస్తే ఆ రాకకి కూడా విలువ పెరుగుతుంది. పాత అలవాటు కాబట్టి ఊళ్లో ఒకరిద్దరు ఏమైనా అంటారేమో. ఒక ఏడాది ఆడి చూపించండి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఇప్పుడు ఊళ్లలో కూడా రంగురంగుల ఎల్‌ఈడీ లైట్లు పెడుతున్నారు. ఎర్ర కోటు మీద ఆకుపచ్చ లైటు వేస్తే కోటు నల్లగా కనబడుతుంది. వెయ్యి రూపాయల అద్దె కోటు మసిగుడ్డలా అయిపోతుంది. లైటు అబ్బాయిని మధ్యాహ్నమే పిలిచి, పద్యాలు పాడేటప్పుడు మామూలు పసుపు వెలుగు ఉంచమని చెప్పండి.

ప్రశ్న: అక్కా, నేను ఒక డైలీ సీరియల్‌కి అసిస్టెంట్ కాస్ట్యూమర్‌ని. ఏడు నెలలైంది. కిందటి వారం ఒక సీనులో ఆర్టిస్టుకి వేరే జాకెట్ ఇచ్చానని అందరి ముందు తిట్టారు, మళ్లీ తీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి రోజూ టెన్షనే. రాత్రి కలలో కూడా హ్యాంగర్లు కనబడుతున్నాయి. మానేద్దామనుకుంటున్నా.
– హైదరాబాదు

జవాబు: తమ్ముడూ, మానేయొద్దు. నా సంగతి చెబుతా విను.

1999. కథానాయిక ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చే సీను. గుమ్మం దాకా రావడం ఒక రోజు తీశారు. గుమ్మం లోపల వార్డు సీను పంతొమ్మిది రోజుల తర్వాత ఇంకో చోట తీశారు. చీర, జాకెట్, బొట్టు, జడలో కనకాంబరాలు అన్నీ సరిగా ఇచ్చాను. గాజులు మాత్రం బయట ఆరు, లోపల పన్నెండు. సెట్‌లో ఎవరూ చూడలేదు, ఎడిటింగ్‌లోనూ చూడలేదు. ప్రసారమైన రోజు రాత్రి తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసి "ఆ పిల్లకి గాజులు ఎందుకు పెరిగాయే" అని అడిగింది. ఆ కంపెనీవాళ్లు నా వారం జీతం కోశారు. నాకు జీతం పోయినందుకు కాదు, అమ్మ చూసినందుకు ఏడుపొచ్చింది. నాన్న పెట్టెలు సర్దేటప్పుడు ఒక్క ఉంగరం కూడా లెక్క తప్పేవాడు కాదు.

మర్నాడు ఒక పొడుగు పుస్తకం కొన్నాను. ఇప్పటికి అలాంటివి నలభై దాటాయి. నువ్వు ఫోనులో ఫొటోలు తీస్తూనే ఉంటావు, అవి అవసరమే. కానీ ఫొటోలో ఎడమ చేయి వెనకుంటే గాజులు కనబడవు. అందుకే చేత్తో కూడా రాయి. ఎపిసోడ్, సీను నంబరు పైన రాసి, దాని పక్కనే కథలో అది ఏ రోజు అన్నది రాయి. అందరూ మర్చిపోయేది ఇదే. షూటింగ్ రోజు వేరు, కథలో రోజు వేరు. కథలో ఒక్క మంగళవారం జరిగేదాన్ని మనం మూడు వారాల్లో ముక్కలుగా తీస్తాం. ఆ మంగళవారానికి ఒక పేజీ పెట్టు. చీర, జాకెట్, కొంగు పిన్ను పెట్టారా వదిలేశారా, బొట్టు ఆకారం, ఏ చేతికి ఎన్ని గాజులు, వాచీ, మెట్టెలు, పూలు ఎన్ని మూరలు, సీను చివరికి చీర తడిసిందా నలిగిందా. సీను మొదట్లో ఎలా ఉందో రాస్తే చాలదు. "కట్" చెప్పాక ఆర్టిస్టు బట్టలు మార్చుకోకముందే చివర్లో ఎలా ఉందో కూడా రాయి. తర్వాతి సీను అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ మంగళవారం బట్టలన్నీ ఒకే సంచిలో పెట్టు. జాకెట్ విడిగా, చీర విడిగా బీరువాలో పెడితేనే నీకు జరిగింది జరుగుతుంది. గాజులు చిన్న డబ్బాలో వేసి అదే హ్యాంగర్‌కి కట్టు. వాన, రక్తం, బురద, నిప్పు ఉన్న సీను స్క్రిప్టులో కనబడగానే అదే చీర ఇంకోటి కావాలని ముందే అడుగు. సాధారణంగా మూడు తీసుకోవాలి. బడ్జెట్ లేదంటే రెండు. ఒక్కదానికి మాత్రం ఒప్పుకోకు, ఒక టేక్‌లో తడిస్తే అక్కడే షూటింగ్ ఆగిపోతుంది.

సన్న చారలు, చిన్న గళ్లు దగ్గరి షాట్‌లో తెర మీద అలలు అలలుగా కదులుతాయి. వెనక గ్రీన్ మ్యాట్ (తర్వాత వేరే బొమ్మ కలపడానికి కట్టే ఆకుపచ్చ తెర) ఉందంటే ఆకుపచ్చ చీర ఇవ్వకూడదు, చీర ఉన్నచోట వెనక బొమ్మ కనబడుతుంది. మైకు జాకెట్ లోపల పెట్టే రోజు గంజి పెట్టిన చీర ఇచ్చావంటే గరగరమని సౌండ్ అబ్బాయి నీ దగ్గరికే వస్తాడు. ఇవన్నీ నాకు ఎవరూ వరసపెట్టి చెప్పలేదు. ఒక్కోటి ఒక్కో తిట్టుతో వచ్చింది. నీకు ఆ తిట్లు తగ్గుతాయని రాస్తున్నా.

అందరి ముందు అరిచినవాళ్లు చేసింది మాత్రం తప్పే. ఆ రోజు కాదు, ఇంకో రోజు తీరిగ్గా ఉన్నప్పుడు వెళ్లి "సార్, పొరపాటు నాదే, పక్కకు పిలిచి చెప్పండి, సరిచేసుకుంటా" అని మర్యాదగా చెప్పు. నన్ను అలా తిట్టినాయనకి నేనూ అలాగే చెప్పాను. తర్వాత ఆయన నన్ను నాలుగు సీరియళ్లకు పిలిచాడు.

ప్రశ్న: నమస్తే అండీ. ఇక్కడ మా తెలుగువాళ్లం ఉగాదికి ద్రౌపదీ వస్త్రాపహరణం వేస్తున్నాం. లాగిన కొద్దీ చీర వస్తూనే ఉండాలి. పట్టుచీరలు కలిపి కుట్టి రిహార్సల్ చేస్తే మధ్యలో చిక్కుకుపోయింది, ద్రౌపది వేసే అమ్మాయి పడబోయింది. మీ పద్ధతి చెబుతారా?
– న్యూజెర్సీ

జవాబు: ముందుగా ఆ అమ్మాయి క్షేమం. ఆ అమ్మాయి ఒంటి మీద ఉన్న చీరకీ, లాగే చీరకీ ఎక్కడా సంబంధం ఉండకూడదు. లోపలి చీరని కుచ్చిళ్లు కుట్టేసి, పిన్నులు పెట్టి, నడుముకి బెల్టు పెట్టి పూర్తిగా కట్టేయండి. ఎవరెంత లాగినా అది కదలకూడదు. ఆ నమ్మకం ఉంటేనే ఆ అమ్మాయి ఏడవగలదు, చేతులెత్తి కృష్ణుణ్ని పిలవగలదు.

పట్టు వద్దండీ. ఒకదాని మీద ఒకటి జారదు, జరీ అంచు జరీకి పట్టుకుంటుంది. జార్జెట్ గానీ సిల్కులా కనబడే సింథటిక్ గానీ, అంచు లేనిది తీసుకోండి. చీర ఐదున్నర మీటర్లు అనుకుంటే ఎనిమిది కలిపితే 44 మీటర్లు. మీ వేదికకు చాలు. అతుకులు లావుగా లేకుండా చదునుగా కుట్టించండి, చిక్కుపడేది అక్కడే. రంగులు ఒక వరసలో పెట్టుకోండి. మొదట ద్రౌపది కట్టుకున్న రంగే, తర్వాత కొంచెం కొంచెంగా మారుతూ చివరికి పసుపు. కృష్ణుడి పీతాంబరం రంగులో ఆగితే మాటలు అక్కర్లేదు.

ఈ గుడ్డ అంతా ఒంటికి చుట్టకండి. మొదటి ఒకటిన్నర చుట్టు మాత్రం ఒంటి మీద, మిగతాది వెనక నల్ల తెరలో చీలిక పెట్టి దాని వెనక బుట్టలో మడతలు మడతలుగా పేర్చి పెట్టండి. అక్కడ ఒక మనిషి కూర్చుని వదులుతూ ఉండాలి. అమ్మాయి ఆ చీలికకు అడ్డంగా నిలబడి, చేతులెత్తి నెమ్మదిగా తిరుగుతూ ఉంటే సరిపోతుంది. లాగిన గుడ్డ దుశ్శాసనుడి కాళ్ల దగ్గర కుప్ప పడితే అతను పడిపోతాడు. చేతికొచ్చింది వచ్చినట్టు పక్కకు విసరాలి, వింగ్‌లో ఇంకొకరు లోపలికి లాక్కోవాలి. రిహార్సల్ అదే గుడ్డతో, అదే నేల మీద, కనీసం పదిసార్లు చేయండి. దుపట్టాలతో చేసి అసలు రోజు చీర తెస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు స్థానం నరసింహారావు గారి సత్యభామను చూశారట. వేదిక మీద ఉన్నది మగవాడంటే నమ్మలేదని చెప్పేవారు. అది దుస్తుల గొప్పా, మనిషి గొప్పా?
– బాపట్ల

జవాబు: అదృష్టవంతులండీ మీ నాన్నగారు. స్థానం వారు మీ బాపట్లలోనే 1902లో పుట్టారు. 1920లో హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషంతో మొదలుపెట్టారు. తర్వాత మా తెనాలి రామవిలాస సభ అనే నాటక సమాజంలో ఏళ్ల తరబడి ఆడారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. మా తాతగారు ఆయన చీర కుచ్చిళ్ల గురించి అన్నం తింటూ కూడా చెప్పేవారు.

నేను ఆయన్ని వేదిక మీద చూడలేదు. కానీ మగవాళ్లకు ఆడవేషం కట్టిన అనుభవం ఉంది కాబట్టి చెబుతాను. భుజాలు వెడల్పుగా ఉంటాయి, అందుకని జాకెట్ చేతులు మోచేతి దాకా ముదురు రంగులో ఉండాలి. కొంగుని సన్నగా మడిచి పెట్టకూడదు, భుజం కప్పేలా వదలాలి. తుంటి దగ్గర లోపల కొంచెం మెత్త పెడితే నడుం సన్నగా కనబడుతుంది. ఇంతవరకే మేం చేయగలం. ఆ కొంగుని ఏ వేలితో తీసుకుంటారు, కూర్చునేటప్పుడు కుచ్చిళ్లని ఎలా సర్దుకుంటారు అన్నది నటుడి సాధన. సత్యభామ అలగడానికి కొంగు కావాలి. మేం ఆ కొంగుకి చాలినంత పొడవు ఉంచాలి. నాకు తెలిసి మా పనికీ వాళ్ల పనికీ కలిసేచోటు అదే.

ప్రశ్న: మేడమ్, ఈ వృత్తిలో డబ్బులుంటాయా? నిజం చెప్పండి. మన దేశంలో కాస్ట్యూమ్ డిజైనర్‌కి గుర్తింపు ఉందా?
– విజయవాడ

జవాబు: మొదటి రెండు మూడేళ్లు ఉండవు. ఇంటి అద్దె కట్టే ఇంకో ఆదాయం చూసుకోండి. నేను సాయంత్రాలు జాకెట్లు కుట్టేదాన్ని. ఆ తర్వాత వరసగా సీరియల్ ఉంటే నెల గడుస్తుంది. సీరియల్ ఆగితే ఆ రోజే ఆదాయం ఆగుతుంది. నాటకాలతో అయితే ఇల్లు గడవదు. నేను వాటిని వదలకపోవడానికి కారణం ఇష్టమే. డబ్బు మాట ముందే కాగితం మీద రాయించుకోండి. బట్టల కొనుగోలుకి మీ చేతి డబ్బు పెట్టకండి. నేను ఒకసారి పెట్టి, ఆ సీరియల్ మధ్యలో ఆగిపోతే రెండేళ్లు అప్పు తీర్చాను. అడ్వాన్సు వచ్చాకే షాపుకి వెళ్లండి, ప్రతి బిల్లూ ఫొటో తీసి పెట్టుకోండి.

గుర్తింపు మాటకొస్తే, భారతీయులకు మొట్టమొదటి ఆస్కార్ తెచ్చింది కాస్ట్యూమ్ డిజైనరే. కొల్హాపూర్‌లో పుట్టిన భాను అథయ్యా గారు. గాంధీ సినిమాకు జాన్ మోలోతో కలిసి 1983లో అందుకున్నారు. ఆవిడ మొదట చిత్రకారిణి. ఆ ఆస్కార్ ప్రతిమ తన తర్వాత భద్రంగా ఉండాలని 2012లో దాన్ని తిరిగి ఆస్కార్ ఇచ్చే అకాడమీకే అప్పగించారు. 2020లో చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు షూటింగ్‌లో ఉన్నాను. మా కటింగ్ మాస్టర్‌కి చెబితే మిషను ఆపి కాసేపు అలాగే కూర్చున్నాడు. సీరియల్ చివర పేర్లు ఎంత వేగంగా పోతాయో మాకు తెలుసు. ఆ వేగం తగ్గించమని నేను పనిచేసిన ప్రతిచోటా అడిగాను, ఇంకా అడుగుతాను.

ప్రశ్న: అమ్మా, మా మామగారు డ్రామా డ్రెస్సులు అద్దెకిచ్చేవారు. ఆయన పోయి పన్నెండేళ్లు. అటక మీద నాలుగు పెట్టెలున్నాయి. ముఖమల్ కోట్లు, పొణికి చెక్క భుజకీర్తులు, కిరీటాలు. ఇల్లు మారుతున్నాం. పాతసామానుకి వేసేద్దామంటున్నారు పిల్లలు. మనసొప్పడం లేదు.
– గృహిణి, మచిలీపట్నం

జవాబు: వేయొద్దమ్మా. దయచేసి వేయొద్దు. పొణికి చెక్కతో చేసిన నగలు ఇప్పుడు చేసేవాళ్లు తక్కువ. కొండపల్లి బొమ్మలు చేసేది కూడా ఆ చెక్కతోనే. తేలిక కాబట్టే రాత్రంతా భుజాల మీద మోయగలిగేవాళ్లు. ఇప్పటి ఫైబర్‌వి ఎంత మెరిసినా చెమటకు జారతాయి.

పెట్టెలు దించగానే ఎండలో పెట్టకండి, పాత ముఖమల్ పెళుసెక్కి ఉంటుంది. నీడలో, గాలి తగిలే చోట పాత నూలు దుప్పటి మీద పరవండి. దుమ్ము దులపకండి, మెత్తటి బ్రష్‌తో ఒకే వైపుకి తీయండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు, జరీ నల్లబడుతుంది. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టె మూలల్లో పెడితే చాలు. కోట్లు పాత మడత మీదే మళ్లీ మడవకండి, అక్కడే తెగుతాయి. మడత లోపల పాత పంచె గుడ్డ చుట్టి పెట్టండి. రాళ్లు ఊడిన కిరీటాలకు మీరు జిగురు పెట్టకండి, ఊడినవి చిన్న కవర్లో వేసి ఏ కిరీటానివో రాసిపెట్టండి. యూనివర్సిటీ నాటక శాఖలకు ఉత్తరం రాద్దాం, నేనూ మీతో పాటు సంతకం పెడతాను. ఎవరూ తీసుకోకపోతే నా బీరువా ఉంది.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. ప్రతి కోటు కాలరు లోపలి వైపు తిప్పి చూడండి. మా నాన్న అక్కడ తెల్ల పట్టీ కుట్టి, ఎవరు ఏ ఊళ్లో ఏ వేషానికి వేసుకున్నారో సిరాతో రాసేవాడు. ఒక్కో కోటుకి పది పన్నెండు పేర్లు ఉండేవి. మీ మామగారూ రాసి ఉండొచ్చు. ఉంటే ఫొటోలు తీసి నాకు పంపండి. మురికిగా ఉంది కదా అని ఆ కాలరు మాత్రం ఉతకకండమ్మా.